తెరుచుకోకూడని ఫైలు

మా మేనేజరుని అందరం చాటుగా టిక్కయ్య అంటాం. రిపోర్టులో పచ్చ టిక్కులు కనిపించకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఆఫీసు ఫైళ్ళన్నీ పాత సర్వరు నుంచి కొత్తదానిలోకి కాపీ చేస్తున్నారు. ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్న అనుమతులు కూడా చెక్కుచెదరకుండా వచ్చాయో లేదో పరీక్షించడం నా పని. "తాళం పడిందో లేదో లాగి చూడ్డానికి జీతం కూడా ఇస్తారా?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకుంటారు. ఇస్తారు. లాగి చూడనివ్వరు, అంతే.

మొదట్లోనే గొడవైంది. గుమస్తా లాగిన్‌తో జీతాల ఫైలు తెరవబోతే "అనుమతి లేదు" అని వచ్చింది. హమ్మయ్య అనుకుని పాస్ అని రాశాను.

"తెరుచుకోకపోతే పాస్ ఏంటమ్మా? మతుండే రాశావా?" అన్నాడు టిక్కయ్య.

"గుమస్తాకి అది తెరుచుకోకూడదు సార్. అందుకే పాస్."

"నాకు తర్కాలు చెప్పకు. అన్నీ తెరుచుకోవాలి. ఎర్రగా ఒక్కటి కనబడినా ఊరుకోను."

అన్నట్టే దగ్గరుండి మరీ ఏ ఫైలైనా ఎవరికైనా తెరుచుకునేలా చేయించాడు. నాకు భయం పట్టుకుంది. ఫిర్యాదుల ఫోల్డరులో డైరెక్టరమ్మ ఒక్కరే చూడాల్సిన ఉత్తరం ఒకటుంది. ఫెయిలైన టెస్టుల్ని పాస్ అని రాయమని టిక్కయ్య మమ్మల్ని ఎలా బెదిరిస్తాడో అందులో పూసగుచ్చినట్టు రాసింది నేనే. ఆవిడకు అది చదివే తీరిక ఇంకా దొరకలేదు. ఈలోగా టిక్కయ్య కంట పడితే నా ఉద్యోగం ఊడినట్టే.

"ఫిర్యాదుల ఫోల్డరుకైనా తాళం ఉంచండి సార్," అని బతిమాలాను.

"అందులో ఏముందని నీకంత బెంగ?"

ఫోన్ మోగిందని వంక పెట్టి అక్కణ్ణుంచి బయటపడ్డాను.

చివరికి డైరెక్టరమ్మ ముందు ప్రదర్శన పెట్టాడు. పెద్ద తెర మీద, తన లాగిన్‌తోనే. "ఇదీ తెరుచుకుంది మేడమ్, ఇదీ తెరుచుకుంది" అంటూ ఫైలు తర్వాత ఫైలు తెరుస్తున్నాడు. ఆ ఊపులో ఫిర్యాదుల ఫోల్డరూ నొక్కేశాడు. నా ఉత్తరం తెర నిండా పరుచుకుంది. పైన ఆయన పేరు, కింద నా పేరు.

"ఇది మీకు తెరుచుకోవచ్చా?" అని డైరెక్టరమ్మ అడిగారు.

టిక్కయ్య ముఖం మాడిపోయింది. అవునంటే తన మీద ఫిర్యాదు తనే చూసుకోవచ్చన్నట్టు. కాదంటే టెస్టు ఫెయిలు. "కాపీ మాత్రం శుభ్రంగా వచ్చింది మేడమ్," అన్నాడు. అలవాటు కొద్దీ రిపోర్టులో పచ్చ టిక్కు కూడా పెట్టేశాడు. పెట్టాక గబగబా ఫైలు మూయబోయాడు.

ఎవరికి తెలిసిపోతుందోనని ఇన్నాళ్ళూ వణికానో ఆ మనిషికే తెలిసిపోయింది. ఇంక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. భయం పోయి ఒళ్ళు మండింది.

"ఆగండి సార్," అంటూ లేచి నిలబడ్డాను. "రెండో పేజీ కూడా తెరుచుకుంటుందేమో చూడండి. మేడమ్‌కి వినపడేలా పైకి చదవండి."