మేడ మీద మోకాళ్ల లోతు

రంగులక్క ఇల్లు చెరువులో ఉందని నగరపాలక సంస్థ నోటీసు అంటించింది. మూడో రోజుకే యంత్రాలు వచ్చి పెరట్లో రంగు తొట్లను పిండి చేసి పోయాయి. మామగారు తన చేతులతో కట్టిన తొట్లవి. ముప్పై ఏళ్లుగా ఆమె బట్టలకు నీలిరంగు వేసింది వాటిలోనే. ఇల్లు మాత్రం కోర్టు స్టే పుణ్యమా అని నిలిచింది. ఆమె ఏడవలేదు. పళ్లు నూరుకుంది.

ఊరిని పచ్చగా మారుస్తామంటూ నగరపాలక సంస్థ మొదలుపెట్టిన ‘పచ్చని నగరం’ ప్లాను గీసేది కృత్రిమ మేధట. పైనుంచి తీసిన ఫొటోలు చూసి, చెరువులెక్కడ ఆక్రమించారో అదే కనిపెట్టేస్తుందట. వకీలైన తమ్ముడు వాటిలో ఆమె ఇంటి ఫొటో తెచ్చి ముందు పెట్టగానే రంగులక్కకు సంగతి అర్థమైపోయింది. అది తీసింది పెద్ద ఆర్డరు వచ్చిన వారంలో. రెండంతస్తుల మేడ మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఆరేసిన నీలి దుప్పట్లు.

“ఇది చూపిస్తే రేపే నోటీసు వెనక్కి తీసుకుంటారక్కా.”

“తీసుకుని? పొరపాటైందని ఓ ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఆఫీసరు స్వయంగా వచ్చి చూడాలని చట్టంలో ఉందన్నావుగా, వచ్చాడా?”

“గడప తొక్కలేదు. వచ్చి చూశానని సంతకం మాత్రం పెట్టాడు.”

“అయితే దుప్పట్ల సంగతి ఇప్పుడే ఎత్తకు. వచ్చి చూశానన్న మాట అతన్ని కోర్టులో ప్రమాణం చేసి చెప్పనీ.”

నాలుగు నెలలు ఆ మంట కడుపులోనే దాచుకుంది.

ప్లానింగ్ ఆఫీసరు ఇస్త్రీ నలగని చొక్కాతో బోనెక్కాడు. స్వయంగా వెళ్లి చూశానన్నాడు. తమ్ముడు ఫొటోలో నీలం మీద వేలు పెట్టాడు.

“నీళ్లు ఇక్కడేనా సార్?”

“అక్కడే.”

“లోతెంత ఉంటుంది?”

“మోకాళ్ల లోతు. ప్యాంటు మడుచుకుని దిగాను కూడా.”

రంగులక్కకు కడుపు నిండినంత పనైంది. అడగని అబద్ధం కూడా కొసరు వేశాడు మహానుభావుడు.

అప్పుడు తమ్ముడు అదే ఇంటిని వీధిలోంచి తీసిన ఫొటో అందించాడు. మేడ, మేడ మీద తాళ్లు, తాళ్ల మీద దుప్పట్లు. న్యాయమూర్తి రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నోటీసు కొట్టేసి, తొట్లు కట్టించి ఇమ్మన్నారు. ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు ఆఫీసరు మీద కేసు పెట్టమన్నారు.

వరండాలో ఆఫీసరు ఆమె వెంటపడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

“అమ్మా, నా ఉద్యోగం పోతుంది. మీరు ఒక్క మాట చెబితే... తప్పు కంప్యూటర్‌ది.”

రంగులక్క ఆగి, అతని మోకాళ్ల వంక తీరిగ్గా చూసింది.

“దాని మీద నాకు కోపం లేదు బాబూ. అది నీలం చూసి నీళ్లనుకుంది, అంతే. అందులో దిగింది నువ్వు.”