రెండు సుడులు

కాఫీ కప్పు అందుకుంటూనే సుప్రియకు నచ్చేశాడు నిరంజన్. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉందని కాదు. “కాలేజీలో జువాలజీ చెబుతారంటగా, మా చెరువులో రొయ్యలకి కూడా కాస్త చెప్పండి, బుద్ధిగా పెరగట్లేదు” అన్నాడు, అందుకు. అంతకుముందు మొగల్తూరు దాకా వచ్చిన పెళ్లికొడుకులంతా జీతమెంతని అడిగి, జంతికలు తిని వెళ్లినవాళ్లే.

పెద్దరికంగా తాత గున్నేశ్వరరావునీ, మామ్మ రమాదేవినీ వెంటబెట్టుకొచ్చాడు. మాటలన్నీ కుదిరాయి. పిల్లాడు మర్యాదస్థుడు కదా, లేచేముందు సుప్రియ మామ్మ పాపాయి కాళ్లకు దణ్ణం పెట్టాడు. అదే కొంప ముంచింది. దీవించబోయిన పాపాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఓరి దేవుడోయ్! నెత్తిన రెండు సుడులు! రెండు పెళ్లిళ్లు రాసిపెట్టున్నాయండీ ఈ అబ్బాయికి. నా మనవరాల్ని ఇవ్వనుగాక ఇవ్వను.”

సుప్రియ తండ్రి చంద్రరావు ఫ్యానుకేసి చూశాడు. తల్లి మాటకు ఎదురాడి ఎరగడు ఆ మహానుభావుడు. నిరంజన్ నెత్తి తడుముకుంటూ నిలబడ్డాడు. సుప్రియ ఒక అడుగు ముందుకేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ మనిషి వచ్చిన కారెక్కి వెళ్లిపోతాడు, అంతే సంగతులు.

“మామ్మా, నాకు నీ ముక్కే వచ్చిందంటావుగా?” అంది గబగబా.

“వచ్చింది మరి, బంగారంలాంటి ముక్కు.”

“క్రోమోజోములు సగం అమ్మ ఇస్తుంది, సగం నాన్న ఇస్తాడు. ముక్కు తీరూ జుట్టు తీరూ వాటితోనే దిగుతాయి. ఆ సుడులూ వాళ్లింట్లో ఎవరివో అయ్యుంటాయి. పెళ్లిళ్ల లెక్క మాత్రం వాటిలో ఉండదే!”

“ఎవరివో చూపించు, చూస్తాను.”

“నావేనండి,” అన్నాడు గున్నేశ్వరరావు.

అందరూ ఆయన తలకేసి చూశారు. సుడి మాట దేవుడెరుగు, వెంట్రుక లేదు. సుప్రియకు ఏడుపొక్కటే తక్కువ.

“నన్నడగండి వదినగారూ,” అంది రమాదేవి. “కాపరానికొచ్చిన కాణ్ణుంచి ఆ తలకి నూనె రాసిందాన్ని. రెండు సుడులూ ఉండేవి.”

“మరి పెళ్లిళ్లో?”

“రెండేనండి.”

చూశావా అన్నట్టు పాపాయి కొడుకు వైపు తిరిగింది. సుప్రియ నీరుగారిపోయింది.

“రెండోది అరవై నిండినప్పుడండి, ద్రాక్షారామం గుళ్లో. షష్టిపూర్తికి మళ్లీ తాళి కట్టాలి కదా,” అంటూ రమాదేవి మెళ్లోని రెండో సూత్రం బయటికి తీసింది. “రెండుసార్లూ నాకే కట్టారు. రెండోసారి చేతులు వణికి, ముడి పడక నానా తంటాలూ పడ్డారులెండి.”

గున్నేశ్వరరావు సిగ్గుపడి కండువా సర్దుకున్నాడు. పాపాయి ఆ సూత్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

“ఒరే అబ్బాయ్, ఇలా వంగు. దీవెన సగంలో ఆగిపోయింది,” అంది.

నిరంజన్ వంగాడు. పాపాయి ఆ రెండు సుడుల మీదా చెయ్యి పెట్టింది.

“అరవయ్యో ఏట కూడా దీన్నే చేసుకో.”