హాజరు పలికినవాడు

“ప్రిచర్డ్, వాల్టర్” అని తన పేరు తనే పిలిచి, “హాజరు” అని తనే పలికి, పెద్దాయన గడ్డం పైకెత్తాడు, ఆయన్ని చూసుకునే సుశీలమ్మ ఆయన చొక్కా మెడ గుండీ పెట్టడానికి వీలుగా. నూట రెండేళ్ళ మెడ. తోలు వేలాడుతుంది, నిండా గోధుమరంగు మచ్చలు. ఎంత మెల్లగా గడ్డం గీసినా ఎక్కడో ఒకచోట కత్తి గాటు పడుతుంది. కళ్ళు మాత్రం తలుపు మీదే.

“హాడ్జ్, లెన్.”

“హాజరు,” అంది సుశీలమ్మ.

పాపకూర అనే ఊళ్ళోని ఆ వృద్ధుల రెస్ట్ హోమ్‌లో అందరూ అలాగే అంటారు. ముసలాయన్ని బాధపెట్టడమెందుకని పైవాళ్ళు అలా అనమన్నారు. చిత్రమేమిటంటే, ఆ మాట విన్న ప్రతిసారీ ఆయన మొహం చిన్నబోతుంది. గంట ఆగి మళ్ళీ మొదటినుంచీ పిలుస్తాడు. ఇరవై మూడు పేర్లు. ఇరవై రెండింటికి తనే తలూపుకుంటూ పోతాడు, ఈ ఒక్క పేరు దగ్గరే ఆగి చూస్తాడు.

వాల్టర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. యుద్ధమయ్యాక ఇంగ్లండు నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చాడు. న్యూ లిన్‌లో ఇటుకల బట్టీలో ముప్పై నాలుగేళ్ళు చేశాడు. పెళ్ళి లేదు. వంటా తనే, ఇస్త్రీ తనే. బట్టీలో ఒకసారి ఆలస్యమైనవాడి కార్డు ఇంకొకడు హాజరు గడియారంలో కొడితే, వెళ్ళి మేస్త్రీకి చెప్పేశాడట. అప్పట్నుంచీ ఆయన పక్కన కూర్చుని ఎవరూ అన్నం డబ్బా విప్పలేదు. పని మానేదాకా గోడవైపు తిరిగి ఒక్కడే తిన్నాడు. ఎప్పుడైనా చూడ్డానికొచ్చే పాత పొరుగింటామె చెప్పిన సంగతి ఇది. ఎందుకు చెప్పావయ్యా అని అడిగినవాళ్ళు లేరు, ఆయన నోరు విప్పిందీ లేదు.

సుశీలమ్మ ఫోను మోగింది. అక్కడే నర్సుగా చేసే మహిధర్. కరీంనగర్ నుంచి చదువుకొచ్చి సెటిల్ అయినవాడు.

“ఆంటీ, ట్రైన్ ఆగింది. పది నిమిషాలల్ల వస్త. బుక్కుల నా పేరు కాడ టిక్ పెట్టరాదూ.”

“రేపు పెళ్ళిలో తాళి కూడా నన్నే కట్టమనేట్టున్నావు.”

“ముందు పిల్లను చూడుండ్రి.”

ఆమె నవ్వుకుంటూ గుమ్మం పక్కన వేలాడే హాజరు పుస్తకంలో టిక్ పెట్టింది. వెనక నుంచి వాల్టర్ వాకర్ చట్రం తోసుకుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఇంత బలం ఉందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

“వాడు వచ్చాడా?” అన్నాడు ఆ టిక్ వైపు చూస్తూ.

“దారిలో ఉన్నాడు.”

“వచ్చాడా?”

అప్పుడు చెప్పాడు, అక్కడే నిలబడి. ఆ ఇరవై ముగ్గురిదీ పూర్తికాలపు సైన్యం కాదు. అందరూ ఒకే ఊరివాళ్ళు. రొట్టెలు కాల్చేవాడు, టపా పంచేవాడు, బట్టలకొట్టు గుమాస్తా. పగలు ఎవరి పని వాళ్ళది, మంగళవారం సాయంత్రం కవాతు. కొట్టు కట్టేసి రావడం ఆలస్యమైతే పక్కవాడు హాజరు పలికేవాడు. సార్జంటూ ఆ ఊరివాడే, వినీ విననట్టు ఊరుకునేవాడు. రొట్టెల లెన్ ఎప్పుడూ ఆలస్యమే. వాడి బదులు పలికే గొంతు ఎప్పుడూ వాల్టర్‌దే. యుద్ధం వచ్చింది. తుపాకీ పట్టడం సరిగా రానివాళ్ళని రైలుపట్టాల కాపలాకని ఫ్రాన్సు పంపారు. జర్మన్లు మీదపడ్డారు. వెనక్కి, ఇంకా వెనక్కి. ఒకరోజు లారీ ఎక్కించేముందు పేర్లు పిలిచారు. లెన్ నీళ్ళసీసాలు నింపుకొస్తానని పొలంలోకి వెళ్ళాడు.

“నేను పలికాను, సుశీ. అలవాటు. లెక్క సరిపోయింది, లారీ కదిలింది. వెనక ఇంకోటి ఉందనుకున్నాను. లేదు.”

లెన్‌కి ఏమైందో ఎవరూ చెప్పలేదు. శవం కూడా దొరకలేదు.

సుశీలమ్మ టిక్ మీద అడ్డంగా గీత గీసింది. మూడేళ్ళుగా రోజుకి ఎనిమిదిసార్లు హాజరంటూ ఆ లారీ నేనే తోలించాను కదా అనుకుంది.

మహిధర్ రొప్పుతూ వచ్చాడు. “కొట్టేసిండ్రేంది ఆంటీ?”

“నువ్వు రాలేదుగా.”

“ఇప్పుడొచ్చిన కద.”

“అయితే ఇప్పుడు పెట్టుకో.” జరిగింది చెప్పింది. ఇక నుంచి ఆయనకి నిజమే చెబుతానంది.

“వద్దాంటీ. ఆ గుండె ఎట్లున్నదో మీకు తెల్వదు. తట్టుకోడు.” ఈసారి వేళాకోళం కాదు.

మధ్యాహ్నం మూడింటికి వాల్టర్ మళ్ళీ మొదలుపెట్టాడు. గొంతు పొద్దుటికన్నా పల్చబడింది. సుశీలమ్మ తువ్వాళ్ళు మడతపెడుతోంది.

“హాడ్జ్, లెన్.”

మందుల బండి దగ్గర నుంచి మహిధర్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె చేతిలో తువ్వాలు కింద పెట్టింది.

“రాలేదు.”

“రాలేదా?”

“రాలేదండీ. నీళ్ళకి వెళ్ళాడు.”

వాల్టర్ భుజాలు కిందికి జారాయి. “అయితే లారీ ఆపమను.”

ఆమె గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. “ఆపారు.”

“వాడికి టీ పోసి ఉంచు. అలిసిపోయి వస్తాడు.”

రెండు కప్పులు పోసింది. ఎప్పుడూ సగం వదిలేసే మనిషి తనది మొత్తం తాగేశాడు. కుర్చీ రోడ్డువైపు తిప్పించుకుని కూర్చున్నాడు. మళ్ళీ పేర్లు పిలవలేదు.

నాలుగింటికి మహిధర్ వంగి ఆయన మణికట్టు మీద వేళ్ళుంచి చాలాసేపు తీయలేదు.

“నేనే చంపానంటావా?” అంది సుశీలమ్మ.

“తెల్వదాంటీ.” ఆయన చేతిని ఒళ్ళో సర్దుతూ అన్నాడు, “ఎదురుచూసుకుంటనే పోయిండు.”

చీకటి పడకముందే వచ్చి వాల్టర్‌ని తీసుకెళ్ళారు. పక్క దులిపారు, చట్రం మడిచారు. కిటికీ గట్టు మీద లెన్ కప్పు ఉంది, పైన సాసరు మూతపెట్టి, పిడి రోడ్డువైపు తిప్పి.