సార్జెంటు ఫో వా

తూర్పు కొండల్లో పోరాడే కరెన్ తెగవారి బ్రిగేడు చరిత్రను బడి పంతులమ్మ ఎ వా రాస్తోందని తెలిసి, అందులోనే మావటిగా ఉన్న ముసలి సిపాయి లర్ సే పొద్దున్నే ఆమె ఇంటి మెట్లెక్కాడు. పైకి తమలపాకు నములుతున్నాడే గానీ మనసంతా తన ఏనుగు మీదే. ముప్ఫై ఏళ్ళు బ్రిగేడుకు బియ్యమూ తూటాలూ మోసిన ఏనుగు ఫో వాను కమాండరు డో మూ నది అవతలి థాయ్ వ్యాపారికి అమ్మేస్తున్నాడు. రేపు విప్లవ దినం సభ అవగానే తోలుకుపోతారట.

తీరా చూస్తే అక్కడ కమాండరే కూర్చుని ఛాతీ విరుచుకుని చెబుతున్నాడు.

"రాసుకో పంతులమ్మా. కొండ మీది శత్రు శిబిరాన్ని నా నాయకత్వంలో ఒక్క తూటా పేల్చకుండా పట్టుకున్నాం."

లర్ సే కిసుక్కున నవ్వాడు.

"ఏం తాతా, ఆ నవ్వేంటి?"

"ఏం లేదు బాబూ. ఆనాడు ఫో వా తనే తొండంతో మెడగంటలో బురద కూరుకుని, చప్పుడు కాకుండా వాళ్ళ అరటితోటలో పడింది కదా. వంటపాక కూలేసరికి ఫిరంగులొచ్చాయనుకుని వాళ్ళు పరుగో పరుగు. మనం వెళ్ళింది దాన్ని వెతుక్కుంటూనే. తమరేమో చెట్టెక్కి..."

పంతులమ్మ కలం ఆగింది. కమాండరు మొహం కందగడ్డలా అయింది.

"చరిత్రలో అరటిపళ్ళేంటి తాతా? నా పరువేం కాను?"

"నేననేదీ అదే! గెలుపు తమరిదే. చెట్టు మాట చచ్చినా ఎత్తను. కాకపోతే, తమరి ఆజ్ఞ మీదే గంటకు బురద కూరుకుని ముందు నడిచిందని రాయించండి. సార్జెంటు ఫో వా అంటే ఇంకా నిండుగా ఉంటుంది."

కమాండరు గడ్డం గోక్కున్నాడు. ఏనుగు చేత కూడా ఆజ్ఞ పాటింపజేసిన నాయకుడు! ఆహా! వెంటనే "రాసెయ్" అని కింద సంతకం కూడా పెట్టేశాడు.

మర్నాడు సభలో పంతులమ్మ చదివింది. సార్జెంటు పేరు రాగానే సిపాయిలంతా లేచి సెల్యూట్ కొట్టారు. సభ ముగిశాక వ్యాపారి తాడు పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎక్కడికయ్యా?" అంది పంతులమ్మ తాపీగా. "మా సార్జెంటును శత్రువే కొనలేకపోయాడు, నువ్వు కొంటావా?"

జనం గొల్లున నవ్వారు. కమాండరు నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. సొంత సార్జెంటును అమ్ముకున్నాడని రేపు బడిపిల్లలు చదువుకోరూ!

"అమ్ముతానని ఎవడన్నాడయ్యా?" అని వ్యాపారి మీదే గయ్యిమన్నాడు.

లర్ సే ఏనుగు కాలిని కావలించుకుని భోరుమన్నాడు. పట్టరాని సంతోషం మరి.

"ఏడ్చింది చాలు," అన్నాడు కమాండరు కసిగా. "నువ్వింకా ఉత్త సిపాయివే కదా తాతా. పై అధికారికి సెల్యూట్ ఏదీ?"

లర్ సే కళ్ళు తుడుచుకున్నాడు. వంగిన నడుము నిటారు చేసి, తను పెంచిన ఏనుగుకు సెల్యూట్ కొట్టాడు.