రెక్క మీద మూడు బొట్లు

నేను ఒక యుద్ధవిమానాన్ని. భయపడకండి, నా పొడవు మీ అరచేతి కన్నా కాస్త ఎక్కువ, అంతే. మనుషులు గాలిలో ఎగరడం నేర్చుకున్న కొత్తలోనే, గాలిలో ఒకరినొకరు కాల్చుకోవడం కూడా నేర్చేసుకున్నారు. ఆ రోజుల్లో జర్మనీవాళ్లు నడిపిన రెండంతస్తుల రెక్కల విమానానికి నేను ప్లాస్టిక్ నమూనాను.

పుట్టినప్పుడు నాకు ఒళ్లంటూ లేదు. రెక్కలు, తోక, చక్రాలు, మినపగింజంత తలకాయతో ఒక పైలటు, అందరం ఒక చట్రానికి చిక్కుడుకాయల్లా వేలాడుతూ అట్టపెట్టెలో పడుకున్నాం. మొదట నన్ను కొన్నది బెంగళూరులో ఒక పళ్ల డాక్టరు. మూత తీసి, ఎలా అతికించాలో చెప్పే కాగితం చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. తర్వాత నేను ఒకరికి పెళ్లికానుకనయ్యాను. వాళ్లు నన్ను ఇంకొకరి గృహప్రవేశానికి పట్టుకెళ్లారు. మనుషుల బీరువాల్లో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. విప్పని గోడగడియారాలు, విప్పని గాజుగ్లాసులు, అందరం ఎవరికో ఒకరికి పనికొస్తామని ఎదురుచూస్తుంటాం.

చివరికి విశాఖపట్నం కంచరపాలెంలో జోగారావు చేతికొచ్చాను. ఆయన బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ప్రమోషను వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు కానుకగా ఇచ్చారు. నన్ను విప్పిన మొదటి మనిషి ఆయనే. కాబట్టి మా నాన్న ఆయనే అనుకుంటాను.

ఆయనకు నేనొక్కణ్ణే కాదు, ఒక కసి కూడా ఉంది. దాని పేరు భానోజీ. భార్య చెల్లెలి మొగుడు, అంటే తోడల్లుడు. ఊళ్లో దసరా వెళ్లిన మర్నాడు ఒక క్లబ్బువాళ్లు ఇలాంటి నమూనాలకు పోటీ పెడతారు. ఏటా భానోజీ ఏదో ఒక ఓడ చేసుకొచ్చి కప్పు పట్టుకుపోతాడు. జోగారావు చప్పట్లు కొట్టి వస్తాడు.

"ఈ రెక్కల రంగు చేత్తో ఎక్కడేస్తారన్నయ్యగారూ, దీనికి స్టిక్కర్లు దొరుకుతాయి కదా," అన్నాడు భానోజీ నన్ను చూసి. ఆ మాటతో జోగారావు చేత్తోనే వేస్తానని తీర్మానించుకున్నాడు.

నా రంగు సంగతి చెప్పాలి. పై నుంచి చూసే శత్రువుకు కనబడకూడదని అసలు విమానానికి రెక్కల గుడ్డ మీదే రంగురంగుల ముక్కలు అచ్చువేసేవారు. ముదురాకుపచ్చ, ఊదా, నీలం, ఇటుకరంగు, గంధంరంగు. ఒక్కో ముక్కకు ఐదారు పక్కలు, ఏ రెండు పక్కలూ సమానం కావు. పగిలిన పెంకులన్నీ ఏరి పక్కపక్కన పేర్చినట్టుంటుంది. అవన్నీ నా మీద ఆవగింజంత సైజులో రావాలి. జోగారావు భూతద్దం కట్టుకుని, నాలుగు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి ఒక్కో ముక్కా వేసేవాడు. మధ్యలో కుక్కరు ఈల వేస్తే ఆ ముక్క పక్క ముక్కలోకి పోయేది. మళ్లీ మొదలు.

ఇదంతా అన్నం తినే టేబులు మీద. వానాకాలం మొదట్లో ఒక మూల అడిగి, వినాయకచవితి నాటికి టేబులంతా ఆక్రమించాడు. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవారు. ఆయన భార్య కనకరత్నం ఒకరోజు చారు చీర మీద ఒలకబోసుకుని, శాంతంగా ఒక మాట చెప్పింది. ఆవిడ శాంతంగా చెప్పిన మాటలకే ఆ ఇంట్లో తిరుగులేదు.

"కప్పు తెస్తే ఈ టేబులు మీకే. మనం కిందే కూర్చుని తిందాం. తేకపోతే మటుకు ఈ డబ్బాలన్నీ అటకెక్కాల. మళ్లీ రంగు వాసన నా ఇంట్లో రాకూడదు."

జోగారావు ఒప్పుకున్నాడు. వేరే దారి లేదు. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్లు లేరు, ఇంట్లో అడిగేవాళ్లు లేరు. చెప్పినట్టు వినేది ఆ కుంచె ఒక్కటే. అదీ పోతే సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఆయనకు తెలీదు.

అష్టమి సాయంత్రానికి ఆఖరి ముక్క పడింది. తడి ఆరాలని కూరల మీద బోర్లించే జాలీ మూత నా మీద బోర్లించి, ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు మహర్నవమి. ఆయుధపూజ. జోగారావు తల్లి నరసయ్యమ్మ తెల్లారే స్నానం చేసి కుంకుమగిన్నెతో బయలుదేరింది. ఆవిడకు చూపు తక్కువ, భక్తి ఎక్కువ. స్కూటరుకు పెట్టింది, మిక్సీకి పెట్టింది, కత్తిపీటకు, ఫ్యాను స్విచ్చుకు, టీవీ రిమోటుకు కూడా పెట్టింది. ఆ తర్వాత నా మీది జాలీ మూత తీసింది. కొడుకు అన్నాళ్లుగా కష్టపడుతున్న బండి, దాన్నెలా వదిలేస్తుంది. పై రెక్క మీద తడికుంకుమతో వరసగా మూడు బొట్లు పెట్టింది. అక్కడితో ఆగలేదు. బండి అన్నాక నిమ్మకాయ తొక్కించాలి కదా. నా ఎడమ చక్రం కింద నిమ్మకాయ పెట్టి, పై నుంచి భక్తిగా నొక్కింది. నిమ్మకాయ నలగలేదు. నా కాలు విరిగింది.

జోగారావు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మా, ఇదేటి చేశావే?"

"పూజ చేశాన్రా. చక్రాలున్నాయా లేవా దానికి?"

"అది పోటీకెళ్లాలే. ఎల్లుండే."

"మరందుకే కదేట్రా చేసింది. బొట్టు లేకుండా బండిని ఊరి మీదకి తోలతావేటి?"

ఆయన తడిగుడ్డ తెచ్చి వీపు వెనక దాచుకున్నాడు. నరసయ్యమ్మ ముఖంలో అంత సంతోషం ఉంది మరి. ఆవిడ అటు తిరగ్గానే దాంతో తుడిచాడు. కుంకుమ పోలేదు సరికదా, గంధంరంగు ముక్కలన్నీ గులాబీరంగుకు తిరిగాయి. ఆ చోట మళ్లీ రంగు వేశాడు. ఆరిన కాసేపటికి ఎరుపు పైకి తేలింది. ఇంకో పూత వేశాడు. ఇంకా బాగా తేలింది. కనకరత్నం వెనక నిలబడి చూస్తోంది. టేబులు తనకు దక్కబోతోందని తెలిసినా, ఆవిడ ముఖంలో గెలుపు కనబడలేదు.

"నిమ్మరసంతో రుద్దితే పోతదేమోనండీ."

"నిమ్మకాయ మాటెత్తకు."

దశమినాడు కాలు అతికించాడు. కాస్త కుంటిగానే నిలబడ్డాను. పోటీకి వెళ్లకపోతే ఓడినట్టే కాబట్టి ఆ మర్నాడు నన్ను చెప్పులపెట్టెలో దూది పరిచి తీసుకెళ్లాడు. పక్క బల్ల మీద భానోజీ ఓడ తళతళలాడుతోంది.

తీర్పరి ఒక మీసాల పెద్దమనిషి, వైమానికదళంలో చేసి రిటైరైనవాడు. నా ముందు చాలాసేపు వంగాడు. ఒక్కో ముక్కా చూశాడు. స్టిక్కరు కాదని గోటితో తడిమి మరీ తెలుసుకున్నాడు.

"పని అద్భుతంగా ఉందండీ. ఈ మూడు ఎర్ర గుర్తులు ఏ దళానివి? నేనెక్కడా చూడలేదు."

జోగారావు పుస్తకాలు చాలా చదివాడు. ఒక దళం పేరు అల్లి చెప్పేయగలడు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. పక్కన భానోజీ చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"మా అమ్మ దళానివండీ," అన్నాడు జోగారావు. "నవమినాడు పెట్టింది."

పెద్దమనిషి మీసం కదిలింది. నా కుంటికాలు వైపు చూసి, "నిమ్మకాయ కూడానా?" అన్నాడు.

"అదీ అయిందండీ."

"విమానం చాలా బాగుంది. బొట్లు మాత్రం చరిత్రలో లేవు," అని నిట్టూర్చి పక్క బల్లకు వెళ్లాడు. కప్పు ఓడకు పోయింది.

కనకరత్నం మాట మీద నిలబడే మనిషి. కప్పు ఎవరికొచ్చిందో చెల్లెలు అప్పటికే ఫోనులో చెప్పేసింది. మేం ఇల్లు చేరేసరికి టేబులు ఖాళీగా, కడిగి తుడిచి ఉంది. రంగుడబ్బాలు అట్టపెట్టెలో కట్టి సిద్ధంగా ఉన్నాయి. జోగారావు ఆ పెట్టె ఎత్తి అటక వైపు నడిచాడు.

"తీర్పరి ఏదో అడిగాడట కదా, ఏటది?" అంది కనకరత్నం.

జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ వింది. గరిటె కడిగింది, తుడిచింది, దాని చోట పెట్టింది.

"పెట్టె దించండి. తిన్నాక తుడిచి, మళ్లీ తినే వేళ దాకా టేబులు మీది. తినే వేళ నాది. ఆ విమానాన్ని మటుకు టేబులు మీద పెట్టొద్దు, పైన కట్టుకోండి. గాలి అంతా మీదే."

అలా నేను చేపలు పట్టే దారంతో, టేబులు అంచుకు సరిగ్గా పైన, ఇంటి కప్పుకు వేలాడాను. పుట్టి ఇన్నాళ్లకు ఎగరడం అంటే ఏమిటో తెలిసింది. ఫ్యాను వేస్తే సగం చుట్టు తిరుగుతాను, ఆపితే వెనక్కి వస్తాను.

రాత్రి భోజనాలకు కూర్చున్నారు. నరసయ్యమ్మ కళ్లు చికిలించి పైకి చూసింది. చెయ్యెత్తి చూసుకుంది. అందలేదు.

"అంత పైన కట్టీసేవేట్రా. వచ్చే నవమికి నా చెయ్యెలాగందుతాది?"

కనకరత్నం మొగుడి వైపు చూసింది. ఆయన కలిపిన ముద్ద కంచంలో వదిలి, చెయ్యి కడుక్కుని, స్టూలు వేసుకుని ఎక్కాడు. తల్లిని లేచి నిలబడి చెయ్యెత్తమన్నాడు. ఆ వేళ్లకు నా రెక్క తగిలేదాకా దారం వదిలి, ముడి వేశాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ టేబులు దగ్గరికి తల వంచుకునే వస్తారు. జోగారావు ఒక్కడికే ఎప్పుడూ గుర్తుండదు, రోజూ నా కుంటికాలు ఆయన బట్టతలకు తగులుతుంది. తల రుద్దుకుంటూ కూర్చుని, కంచం ముందుకు లాక్కుంటాడు.