తలకిందుల పేజీ

ముసలాయనకి మతి పోయిందని పక్కింటి కుట్టుమిషనావిడ పాలావిడతో అందట. పాలావిడ ఆ మాటకి తన వంతు నీళ్లు కలిపి, ఆయన పెద్దకూతురి చెవిలో పోసింది.

"కళ్లారా చూసిందటమ్మా! కిటికీ దగ్గర కూర్చుని, కాగితం తలకిందులుగా పట్టుకుని, ఏదో అర్థమైనట్టు తలాడిస్తున్నాడట."

పెద్దకూతురి గుండెల్లో రాయి పడింది. తండ్రి గురించి సగం, కాగితం గురించి సగం. నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ముందుగదిలో డీటీపీ పెట్టుకుంటే, దొరికిన మొదటి పని అది: ఒకటో తరగతి వాచకం. ఆ పని ఇచ్చిన పంతులమ్మ సాయంత్రం వచ్చి చూస్తుంది. నచ్చకపోతే వీధి చివరి షాపుకిస్తానని మొహమాటం లేకుండా చెప్పేసింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదట ఒక్క పేజీలో తొమ్మిది ఫాంట్లు వాడింది. తర్వాత డీటీపీ నేర్పే ఇంగ్లీషు పుస్తకం తెరిచి, రెండు చాలంటే రెండే ఉంచింది. వరసల మధ్య ఎడం కూడా అందులో చెప్పినంతే పెట్టింది. అయినా పేజీకి ఊపిరాడటం లేదు. లోపం ఎక్కడో తెలియదు.

లోపలికి వెళ్లి చూస్తే నిజంగానే కాగితం తలకిందులుగా ఉంది.

"నాన్నా, ఇలా ఇవ్వు. తిరగేసి పట్టుకున్నావు."

"నేనే తిప్పాను. తిన్నగా పెడితే కళ్లు కథ వెంట పోతాయే. ఇలాగైతే ఖాళీలు కనిపిస్తాయి." గోటితో చూపించాడు. "ఇదిగో, పై వరస వత్తులు కింది వరస నెత్తినెక్కాయి, కిక్కిరిసిన బస్సులోలా."

"పుస్తకంలో అంతే పెట్టమన్నారు."

"ఆ పుస్తకం రాసినవాడి అక్షరాలకి వత్తులున్నాయా?"

"లేవు."

"మరి? ప్రెస్సులో మేమైతే వరసల మధ్యలో సీసపు రేకు దూర్చేవాళ్లం."

ఆమె ఎడం పెంచింది. పేజీ కాళ్లు చాపుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ప్రెస్సు. మధ్యాహ్నం కారియర్ తీసుకెళ్లి గడప ఇవతల నిలబడితే, ఎత్తు స్టూలు మీద నాన్న. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు. కుడి చెయ్యి మాత్రం, అమ్మ చెయ్యి పోపులపెట్టెలో తిరిగినట్టు, చూడకుండానే గళ్లలోంచి ఒక్కో అక్షరం తీసేది. టిక్కు, టిక్కు. ఆ చప్పుడు ఇన్నేళ్లకి మళ్లీ చెవిలో పడి, ఆమె కళ్లు చెమర్చాయి.

పంతులమ్మ వచ్చి, వేలు పెట్టి వరస వరసా చదివింది. ఎక్కడా వేలు తడబడలేదు.

"ఇది మా పిల్లలు చదువుతారు. మిగతా పేజీలూ మీరే చెయ్యండి." ముసలాయన వైపు తిరిగింది. "మీ విద్య అమ్మాయికి బాగా అబ్బిందండీ."

"అబ్బే, ఇవాళే నోరు విప్పారు," అంది పెద్దకూతురు, సంతోషం పట్టలేక. "నాకు ఆ ప్రెస్సంటే ప్రాణమండీ. ఒక్కనాడూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఎందుకు నాన్నా?"

ఆయన కాగితంలోంచి తలెత్తలేదు.

"నువ్వు లోపలికొస్తే కదే? నా చొక్కా సిరా కంపు కొడుతుందని ముక్కు మూసుకుని, గడప దగ్గరే కారియర్ పెట్టి పోయేదానివి."