కట్టేసిన దవడ

"...అట్ల గాదు పాపా, అది తీసెయ్. తమ్ముడా అని పెట్టొద్దు. దాసా అని పెట్టు. చిన్నప్పట్నుంచీ వాణ్ణి అట్లే పిలుస్తా."

ప్రీతి ఫోన్‌లో కొట్టినదాన్ని చెరిపేసి మళ్లీ కొట్టింది. "దాసా అని పెట్టినా తాతా. ఇంగ చెప్పు."

రామాంజి వెంటనే చెప్పలేదు. ఆయన మాటకూ మాటకూ నడుమ ఒక బీడీ కాల్చుకోవచ్చని ఊళ్లో ఎప్పటినుంచో ఎగతాళి ఉంది. దానికి తోడు ఇప్పుడు నోరు రెండు వేళ్ల మందం మించి తెరుచుకోవడం లేదు. పళ్లకు చుట్టిన తీగలు ఆ పొద్దునే హిందూపురంలో తీయించుకొని వచ్చాడు. నెలన్నర మూతపడిన దవడ తుప్పు పట్టిన గడియలాగా ఉంది.

దానికంతటికీ కారణం కోడెదూడ. గొట్టంతో దానికి మందు పోస్తుంటే తల విదిలించింది. దాని నుదురు వచ్చి ఈయన గడ్డానికి తగిలింది. దెబ్బ గడ్డానికయితే నొప్పి మాత్రం చెవి ముందర. ఇదేమి వింతరా అనుకుంటూ ఆసుపత్రికి పోతే, డాక్టరమ్మ బల్ల మీది పుర్రెబొమ్మను చేతిలోకి తీసుకుంది.

"ఇదిగో పెద్దాయనా, పైదవడ. పుర్రెకు అతుక్కొని ఉంటుంది, కదలదు. కింది దవడ ఒక్కటే ఆడేది. గుర్రపు లాడంలా వంగిన ఎముక. దీని రెండు కొసలూ చెవుల ముందర కీళ్లలో కూర్చుంటాయి. ముందర తగిలిన దెబ్బ పోయి పోయి కొస దగ్గర విరిచింది. అందుకని ఆడేదాన్ని ఆడనిదానికి కట్టేస్తాం. అతికేదాకా నోరు తెరవకూడదు."

"దేవుడు ఇన్నాళ్లకు నా మొర ఆలకించినాడు. ఇంగ నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు" అంది ఆయన భార్య కొండమ్మ, బయటికొచ్చాక.

"ముందు మాత్రం తాత ఎదురు చెప్పింది యాడుండాది లే అవ్వా?" అని ప్రీతి నవ్వింది. రామాంజికీ నవ్వొచ్చింది కానీ నవ్వడానికి దవడ లేదు.

ఆ వారంలోనే తమ్ముడు దాసప్ప వచ్చాడు.

దాసప్ప ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఇద్దరి పొలం భాగాల నడుమ గెనిమ గట్టు మీద ఉన్న కానుగచెట్టును అన్నకు చెప్పకుండా కొట్టించాడని ఇద్దరికీ మాటలు పోయాయి. పోయి ఎన్నో ఏళ్లయింది. అతను వచ్చిన వేళకు ప్రీతి కాలేజీలో ఉంది. కొండమ్మ గంజికని రాగులు ఆడించడానికి మిషన్ కాడికి పోయింది. రామాంజి ఒక్కడే, తలకూ గడ్డానికీ కలిపి తుండు చుట్టుకొని వసారాలో కూర్చున్నాడు. దాసప్ప మెట్టెక్కలేదు. వాకిట్లో నిలబడే, బట్టీ పట్టుకొచ్చినట్టు గబగబా చెప్పేశాడు.

"అన్నా, ఇల్లు కట్టుకున్నా. శుక్రవారం పాలు పొంగిస్తాండాం. చెట్టు కొట్టించింది నా తప్పే, ఒప్పుకుంటా. ఇంటికి పెద్దోడివి, ముందర నువ్వు అడుగు పెట్టల్ల. వస్తావా?"

రామాంజికి ప్రాణం లేచొచ్చింది. వస్తా రా అనబోయాడు. పెదవులు విడివడ్డాయి, పళ్లు విడివడలేదు. బిగుసుకున్న పళ్ల సందున గొంతు గుర్రుమంది. చొంగ కారింది. తమ్ముడి ముందు ఆ అవతారానికి సిగ్గుపడి తుండు మొహం మీదికి లాక్కొని పక్కకు తిరిగాడు. తుడుచుకొని చూసేసరికి గృహప్రవేశం పత్రిక మెట్టు మీద ఉంది. దాసప్ప సందు మలుపులో ఉన్నాడు. రామాంజి చప్పట్లు కొట్టాడు. దాసప్ప తిరిగి చూడలేదు.

నా అవస్థ చూడలేక పోయినాడులే అనుకున్నాడు రామాంజి.

కొండమ్మ వచ్చి పత్రిక చూసింది. "నీ దవడ సంగతి చెప్తా, ఫోన్ చేద్దామా?" అంది. అక్కర్లేదని చెయ్యి ఊపాడు. వాడు కళ్లారా చూసినాడు కదా! "పోనీ, పోదామా?" అంది. దానికి తన నోరు చూపించాడు. మాటలు పోయినవాళ్లు కలిసినట్టని నలుగురూ ఒప్పుకోవాలంటే ఆ ఇంట్లో విస్తరాకు ముందర కూర్చొని తినాలి. కొత్తింట్లో ఆకు వేయించుకొని ముట్టకుండా లేస్తే అంతకన్నా అవమానం ఏముంటుంది? నోరొచ్చాక తీరిగ్గా పోవచ్చులే అనుకున్నాడు.

ఈ పొద్దు తీగలు తీయించుకొని వస్తూ పెనుకొండ బస్టాండులో దిగితే ఏసుదాసు ఎదురయ్యాడు. దాసప్ప ఇంటి పక్కనే అతని ఇల్లు.

"ఏమప్పా రామాంజీ! రానంటే రానని చెప్పల్ల గానీ, వాకిట్లోకొచ్చిన తమ్మున్ని చూసి పండ్లు కొరుకుతారా ఎవురన్నా?"

రామాంజి నిలబడిపోయాడు.

"పాలు పొంగేదాకా వీధి మలుపు చూస్తానే ఉన్నాడప్పా వాడు. నీకని ఆకు వేయించినాడు. అందరూ తిని లేచినా ఆ ఆకు అట్లే ఉండె. పొద్దు గూకినాక వాడే ఎత్తి ఆవుకు పెట్టినాడు."

 రామాంజి దొరికిన బస్సెక్కాడు. ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేయించాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేయించాడు. ఈసారి మోగనే లేదు. అందుకే ఈ మెసేజీ.

"చెప్పు తాతా" అంది ప్రీతి.

"దాసా, నేను పండ్లు కొరకలేదు రా. పండ్లు కట్టేసినారు. దూడ కొట్టి దవడ ఇరిగింది."

"దూడ కొట్టిందని పెట్టల్లనా? ఊరంతా నవ్వుతాది."

"నవ్వనీ. అది పెట్టకుంటే వాడు నమ్మడు." కాసేపు చెవి ముందర కీలు నిమురుకున్నాడు. "ఇంగ ఇట్ల పెట్టు. పైదవడ కదల్దంట. డాక్టరమ్మ చూపిచ్చింది. కిందిదే కదిలొచ్చి దాన్ని తాకల్లంట. ఇన్నేండ్లూ నేను పైదవడ మాదిరి కూర్చున్నా. కదిలొచ్చింది నువ్వే. వచ్చిన పొద్దు నాకు నోరు లేకపాయె."

ప్రీతి కొట్టడం ఆపి తాత వైపు చూసింది.

"ఆకు ముందర ఉత్తినే కూర్చోనుంటే సరిపోతా ఉండె" అంది కొండమ్మ, గడప దగ్గర్నుంచి. కోపంగా అనలేదు.

"ఔ. కూర్చోవల్సిండె." రామాంజి ప్రీతి వైపు తిరిగాడు. "అదీ పెట్టు పాపా. కూర్చోవల్సిండె, కూర్చోలేదు. కొత్తింట్లో పాలు ఒగసారే పొంగుతాయి, ఆ అడుగు ఇంగ రాదు. అయినా సోమవారం వస్తా. ఆకు వెయ్. సంకటి మెత్తగా కెలకమను. నమిలే దవడ గాదు, మింగుతా."

"అయిపాయెనా తాతా? మరి చిన్నతాతకు చదువు రాదు గదా?"

"ఆయన కోడలికి పంపు. కింద ఇట్ల రాయ్. అమ్మా హేమావతీ, మీ మామ నా ఫోన్ ఎత్తడు. మగ్గం ఆపి కాళ్ల గుంత లోంచి లేచేటప్పుడు చూసి, పక్కన కూర్చొని ఇది చదివి వినిపించు తల్లీ. గబగబా చదవొద్దు. నేను మాట్లాడినట్ల, మెల్లగా చదువు."